ఎలుగుబంటి తిండి, మనిషితో దాని తగవు

భారతదేశపు అడవుల్లో నాలుగు జాతుల ఎలుగుబంట్లు ఉన్నాయి. హిమాలయాల ఎగువ భాగంలో చెట్లు అంతరించే ఎత్తుల్లో గోధుమరంగు ఎలుగు, ఆ పర్వతాల అడవి వాలుల్లో హిమాలయ నల్ల ఎలుగు, ఈశాన్య రాష్ట్రాల్లో అన్నిటికన్నా చిన్నదైన సూర్య ఎలుగు నివసిస్తుండగా, నాలుగోదైన జాతి హిమాలయ పాదాల నుంచి శ్రీలంక వరకు, ఎండు అడవుల్లోనూ రాతి గుట్టల్లోనూ పొదల మైదానాల్లోనూ విస్తరించి ఉంది. తెలుగునాట ఎలుగుబంటి, గుడ్డెలుగు, భల్లూకం అనే పేర్లన్నీ ఈ చివరి జాతివే. నల్లమల, శేషాచలం, పాపికొండలు, కవ్వాల అడవులు, ఉత్తరాంధ్ర మన్యం కొండలు దీని నెలవులు. శాస్త్రజ్ఞులు దీనిని మెలర్సస్ అర్సినస్ అని వ్యవహరిస్తారు. ఈ జంతువును గురించి జనంలో రెండు అభిప్రాయాలు స్థిరపడి ఉన్నాయి: అది మందకొడిది, మొరటుది అన్నది ఒకటి; మనిషి కనబడితే చాలు మీదపడి చీల్చేస్తుందన్నది రెండోది. దాని శరీర నిర్మాణాన్నీ రోజువారీ బతుకునూ పరిశీలించినవారికి ఈ రెండు అభిప్రాయాల వెనుకా ఒకే కారణం కనిపిస్తుంది. అది పులిలా వేటాడే జంతువు కాదు, లేడిలా మేసే జంతువూ కాదు. ప్రధానంగా చెదపురుగుల మీద, చీమల మీద, పండ్ల మీద బతికే పెద్ద జంతువు. దాని గోళ్లు, పళ్లు, చూపు, నడక, చివరకు దాని కోపం కూడా ఆ తిండికి తగినట్టుగానే రూపుదిద్దుకున్నాయి.

వయసొచ్చిన మగ ఎలుగు సాధారణంగా ఎనభై నుంచి నూటనలభై అయిదు కిలోల వరకు, ఆడది యాభై అయిదు నుంచి తొంభై అయిదు కిలోల వరకు తూగుతుంది. ఒళ్లంతా, ముఖ్యంగా మెడ మీదా భుజాల మీదా, పొడవైన నల్లటి గరుకు బొచ్చు ఉంటుంది గాని, చలిదేశాల ఎలుగులకుండే మెత్తటి లోబొచ్చు దీనికి లేదు. పొట్ట అడుగున వెంట్రుకలు మరీ పలచన. ఎండదేశంలో నివసించే జంతువుకు ఇంత దట్టమైన పైబొచ్చు ఎందుకన్న ప్రశ్నకు, కుట్టే కీటకాల నుంచి రక్షణ కోసమన్నది ఒక సమాధానం. రొమ్ము మీద తెల్లటి లేదా లేత పసుపు రంగు నెలవంక గుర్తు, బూడిదరంగు మూతి దీని ఆనవాళ్లు. ముందరి కాళ్లకు ఉండే గోళ్లు దంతపు రంగులో, ఏడెనిమిది సెంటీమీటర్ల పొడవున, పెద్దగా వంపు లేకుండా ఉంటాయి. పులి, చిరుతపులి గోళ్లలా ఇవి లోపలికి ముడుచుకుపోవు. అవి పట్టుకోవడానికి కాక తవ్వడానికి ఏర్పడినవి. కడమ ఎలుగుబంట్లకు నలభై రెండు పళ్లుంటే దీనికి నలభై మాత్రమే ఉంటాయి, ఎందుకంటే పై దవడలో నడిమి కొరికే పళ్లు రెండూ ఉండవు. పొడవైన గోళ్లనూ పళ్ల మధ్య ఖాళీనీ చూసి, జార్జ్ షా అనే ఆంగ్ల జంతుశాస్త్రజ్ఞుడు 1791లో దీనిని దక్షిణ అమెరికా చెట్ల మీద వేలాడే బద్ధక జంతువుల కుటుంబంలో చేర్చాడు. తరువాతి శాస్త్రజ్ఞులు ఇది ఎలుగుబంటేనని నిర్ధారించినా, ఇంగ్లీషులో ఆ బద్ధకపు పేరు మాత్రం నేటికీ దాన్ని వదలలేదు.

పళ్ల మధ్య ఆ ఖాళీ ఎందుకో తెలియాలంటే చెదపుట్ట దగ్గర ఎలుగు చేసే పనిని గమనించాలి. ఎండాకాలంలో చెదపుట్ట పైపెంకు ఇటుకంత గట్టిపడి ఉంటుంది. ఎలుగు ముందుగా వాసన పట్టి, పుట్ట పక్కభాగంలో రెండు ముందరి పాదాలతోనూ తవ్వి, పెంకును పెళ్లలు పెళ్లలుగా లాగి పడేసి, లోపల చెదలు కాపురముండే మెత్తటి అరలు బయటపడే వరకు దిగుతుంది. ఆ తరువాత మూతిని గోతిలో పెట్టి గట్టిగా ఊది, దుమ్మునూ మట్టి రేణువులనూ ఎగరగొట్టి, వెంటనే పెదవులను ముందుకు సాచి గొట్టంలా చుట్టి, పై పళ్లు లేని ఆ సందులోంచి చెదపురుగులను లోపలికి పీల్చుకుంటుంది. కంసాలి ఊదుగొట్టం ఒక దిక్కుకే పనిచేస్తే ఎలుగు మూతి రెండు దిక్కులకూ పనిచేస్తుంది. దీని పెదవులు వెంట్రుకలు లేకుండా, ఇష్టమొచ్చినట్టు కదిలే వీలుతో ఉంటాయి. అంగిలి పొడవుగా, వెడల్పుగా, లోతుగా ఉంటుంది. దుమ్ము, పురుగులు దూరకుండా ముక్కు రంధ్రాలను కావాలనుకున్నప్పుడు మూసుకోగలదు. ఊదడం, పీల్చడం ఒకదాని వెంట ఒకటి జరుగుతుంటే పుట్టే చప్పుడు నూటఎనభై మీటర్ల దూరానికి కూడా వినిపిస్తుందని క్షేత్ర పరిశోధకులు నమోదు చేశారు. ఈ చప్పుడు సంగతిని గుర్తుపెట్టుకోవడం అవసరం, ఎందుకంటే మనిషికీ ఎలుగుకూ మధ్య జరిగే ప్రమాదాల్లో దీని పాత్ర చిన్నది కాదు.

చెదలు ఏడాది పొడుగునా దొరికే తిండి కాగా, పండ్లు రుతువును బట్టి వచ్చేవి. పండ్లు దొరికే నెలల్లో ఎలుగు పుట్టలను దాదాపు మరచిపోతుంది. దక్కను అడవుల్లో చలికాలపు రేగుపండ్లతో, పరికిపండ్లతో మొదలయ్యే ఈ పంట, ఫాల్గుణ చైత్రాల్లో ఇప్పపూలతో, ఆ తరువాత తునికిపండ్లతో, మొర్రిపండ్లతో, ఎండలు ముదిరేసరికి ఈతపండ్లతో, తొలకరికి నేరేడుపండ్లతో సాగుతుంది. మర్రి, మేడి, జువ్వి వంటి చెట్లు ఎప్పుడు కాస్తే అప్పుడే. రేలకాయ విషయం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. పొడవాటి నల్లటి ఆ కాయ లోపల బిళ్లలు బిళ్లలుగా ఉండే తియ్యటి జిగట గుజ్జు కోసం ఎలుగు కాయను నమిలి మింగగా, గట్టిపెంకు గల గింజలు చెడకుండా మలంతో పాటు తల్లిచెట్టుకు దూరంగా మరోచోట పడతాయి. ఎండు అడవుల్లో గింజలను ఇంత దూరం మోయగల జంతువులు తక్కువ గనుక, రేల, నేరేడు, తునికి, రేగు వంటి చెట్ల వ్యాప్తిలో ఎలుగుకు గణనీయమైన భాగముంది. ఎలుగు మలం చూసి ఆ వారం అడవిలో ఏ పండు పక్వానికొచ్చిందో చెప్పవచ్చు. చెట్లెక్కడంలో కూడా అది నేర్పరి. పండ్ల కోసం కొమ్మలు విరుస్తుంది. తేనెపట్టు కనబడితే కందిరీగల్లా మూగే ఈగలను లెక్కచేయకుండా పట్టును కిందికి పడగొట్టి, దిగివచ్చి తింటుంది. మాంసం మాత్రం దానికి అరుదైన సంగతి. చచ్చిన జంతువు దొరికితే ఎప్పుడైనా ముట్టవచ్చు గాని వేటాడి తినడం దాని పద్ధతి కాదు.

చలిదేశాల ఎలుగుబంట్లు ఆహారం దొరకని శీతాకాలమంతా గుహల్లో పడుకొని, ఒంట్లోని కొవ్వును కరిగించుకుంటూ గడిపే స్థితిని శీతాకాల సుప్తావస్థ అంటారు. చెదపుట్టకు రుతువుతో నిమిత్తం లేదు గనుక ఈ జాతికి ఆ అవసరం కలగలేదు. ఈనిన ఆడ ఎలుగు మాత్రమే కొన్ని వారాలపాటు గుహను వదలకుండా, తిండి లేకుండానో చాలీచాలని తిండితోనో ఉంటుంది. వేసవిలో జతకట్టిన తరువాత, పిండం గర్భాశయపు గోడకు వెంటనే అతుక్కోకుండా కొంతకాలం ఆగే ప్రత్యేక ఏర్పాటు వల్ల, చలికాలంలో ఒకటో రెండో, ఎప్పుడైనా మూడో పిల్లలు పుడతాయి. రెండు మూడు నెలలకు పిల్లలు బయటికి వచ్చాక తల్లి వాటిని వీపు మీద ఎక్కించుకొని తిరుగుతుంది. ప్రపంచంలోని ఎనిమిది ఎలుగు జాతుల్లో పిల్లలను ఇలా నిత్యం వీపున మోసేది ఇదొక్కటే. భుజాల మధ్య ఉండే పొడవైన బొచ్చు పిల్లలకు పట్టుకొమ్మ. పిల్లలు ఏడాదిన్నర నుంచి రెండేళ్లకు పైగా తల్లితోనే ఉంటాయి గనుక ఆడ ఎలుగు ఏటా ఈనదు, రెండు మూడేళ్లకొక కాన్పు మాత్రమే; ఈ నెమ్మదితనం వల్లనే ఒక అడవిలో నాలుగైదు ఆడ ఎలుగులు చనిపోతే ఆ లోటు పూడడానికి చాలా ఏళ్లు పడుతుంది. నేపాల్‌లోని చిత్వాన్ జాతీయ ఉద్యానంలో 1990ల్లో మెడకు రేడియో పట్టీలు కట్టి జరిపిన పరిశీలనల్లో, తక్కిన ఎలుగులు రాత్రివేళ ఎక్కువగా తిరుగుతుండగా పిల్లల తల్లులు పగటిపూట తిరగడం కనిపించింది. రాత్రి సంచరించే పులుల నుంచీ, పిల్లలకు హాని చేయగల మగ ఎలుగుల నుంచీ తప్పించుకోవడానికే తల్లులు ఈ వేళను ఎంచుకుంటాయని పరిశోధకుల భావన. ఆ పగటి వేళలోనే మనుషులూ అడవిలో ఉంటారన్నది తల్లి ఎలుగు లెక్కలోకి రాని సంగతి.

పులితో దీని వ్యవహారం తెలియకుండా మనిషితో దీని వ్యవహారం అర్థం కాదు. అమెరికా నల్ల ఎలుగు ప్రమాదం వచ్చినప్పుడు చెట్టెక్కి తప్పించుకుంటుంది. దక్కను ఎండు అడవుల్లో, గడ్డిమైదానాల్లో, అలా ఎక్కదగిన చెట్టు ప్రతిచోటా ఉండదు. ఉన్నా చిరుతపులి వెంట ఎక్కగలదు. పరుగెత్తి పులిని మించడం అసాధ్యం. అందువల్ల ఈ జాతి వేల తరాలుగా పారిపోకుండా ఎదురునిలిచే పద్ధతిని అలవరచుకుంది: వెనుక కాళ్ల మీద లేచి నిలబడి, ఒళ్లు పెద్దదిగా కనిపించేలా బొచ్చు నిక్కించి, పెద్దగా అరుస్తూ, అవసరమైతే ముందుగా తానే మీదికి దూకుతుంది. 2018లో మహారాష్ట్రలోని తాడోబా అడవిలో, నీళ్లు తాగడానికి పిల్లతో వచ్చిన ఒక తల్లి ఎలుగు మీద మగ పులి దాడి చేయగా, మెడ దొరికిపోయి నేలకొరిగిన తరువాత కూడా తల్లి తిరగబడి, చివరకు పులినే వెనక్కి తగ్గేలా చేసిన పోరాటాన్ని చూసినవారు చిత్రీకరించారు. పిల్లలను వీపున మోసే అలవాటుకు కారణం కూడా ఇందులోనే ఉందని, చెట్టు ఎక్కించి దాచే వీలులేని చోట పిల్లకు తల్లి వీపే భద్రమైన చోటని పరిశోధకులు వివరిస్తారు. పులి ముందు ప్రాణం కాపాడే ఈ స్వభావమే, చేతిలో గంపతో పొద్దున్నే అడవికి బయలుదేరిన మనిషి ముందు ప్రాణాంతకమవుతోంది.

దాడి జరిగే తీరు చాలావరకు ఒకే విధంగా ఉంటుంది. ఎలుగుకు వాసన పట్టే శక్తి అపారం, చూపు మాత్రం బలహీనం. పుట్ట తవ్వుతూ, ఊదుతూ, పీలుస్తూ ఉన్న జంతువుకు తాను చేసే చప్పుడే తప్ప అవతలి అడుగుల చప్పుడు వినబడదు. గాలి ఎదురు దిక్కు నుంచి వీస్తే వాసనా అందదు. పొదల మధ్య కాలిబాట మీద మెత్తగా నడిచివచ్చే మనిషి పది పదిహేను అడుగుల దూరంలోకి వచ్చేవరకు ఒకరి ఉనికి ఒకరికి తెలియదు. ఆ దూరంలో తలెత్తిన ఎలుగు ఎదుట ఉన్నది పులా మనిషా అని తేల్చుకునే తీరిక తీసుకోదు. లేచి నిలబడితే దాని పాదాలు సరిగ్గా మనిషి ముఖం ఎత్తుకు వస్తాయి గనుక గాయాల్లో ఎక్కువ భాగం తల మీద, ముఖం మీద, వాటిని కాపాడుకోబోయిన చేతుల మీద తగులుతాయి. కన్ను పోయినవారు, దవడ విరిగినవారు, నెత్తిచర్మం ఊడినవారు మధ్యభారతపు ఆసుపత్రులకు కొత్త కాదు. ఉమ్మడి మధ్యప్రదేశ్‌లో 1989 ఏప్రిల్ నుంచి 1994 మార్చి వరకు అయిదేళ్లలో ఎలుగులు 735 మందిని గాయపరచగా అందులో 48 మంది మరణించారని పరిశోధకులు లెక్కకట్టారు. తరువాత ఛత్తీస్‌గఢ్‌గా ఏర్పడిన ప్రాంతంలోని ఉత్తర బిలాస్‌పూర్ అటవీ విభాగంలో 1998 ఏప్రిల్ నుంచి 2000 డిసెంబరు వరకు 137 దాడులు, 11 మరణాలు నమోదయ్యాయి. ఈ రెండు లెక్కల్లోనూ దాడికి గురైన వంద మందిలో ప్రాణాలు కోల్పోయినవారు పదిమందికి లోపే. అది గాయపడినవారి బాధను తగ్గించే సంగతి కాదు గాని, ఎలుగు ఉద్దేశమేమిటో చెబుతుంది: ఆహారం కోసం చంపే జంతువైతే పడగొట్టినవారిని వదిలిపోదు. ఎలుగు చాలాసార్లు కొన్ని క్షణాల్లోనే తన దారిన పోతుంది.

దాడులు ఏ నెలల్లో, ఏ వేళల్లో, ఏ చోట్ల జరుగుతాయో చూస్తే తగవుకు మూలం మరింత స్పష్టమవుతుంది. ఇప్పపూలు రాత్రిపూట రాలతాయి. వాటిని ఏరుకోవడానికి గిరిజన స్త్రీలూ పిల్లలూ తెల్లవారకముందే చెట్ల కిందికి చేరతారు, ఆలస్యమైతే పశువులు, జింకలు మిగల్చవు. అదే వేళకు, అదే చెట్టు కిందికి ఎలుగూ వస్తుంది. వేసవిలో బీడీ ఆకు సేకరణ సాగేటప్పుడు తునికి పొదల్లోకి వందలాది మంది ఒంగి నడుస్తూ ప్రవేశిస్తారు. లేత ఆకు కోసం ఆ పొదలను ముందుగానే నరకడం వల్ల ఆకు దిగుబడి పెరుగుతుంది గాని నరికిన పొద పండు కాయదు, అంటే మనిషి అడవిలోకి రావడమూ, ఎలుగు తిండి తగ్గడమూ ఒకే పనితో జరుగుతున్నాయి. తేనె కోసం, జిగురు కోసం నల్లమలలో తిరిగే చెంచులదీ ఇదే పరిస్థితి. వారు వెళ్లే బండలూ, చెట్లూ ఎలుగుకు కూడా కావలసినవే. వానాకాలంలో అడవి అంచున మొక్కజొన్న, వేరుశనగ, చెరకు చేలు ఏపుగా ఉన్నప్పుడు రాత్రి కాపలాకు వెళ్లినవారు, పొద్దున్నే బహిర్భూమికి పొదల చాటుకు వెళ్లినవారు దాడులకు గురవుతున్నారు. ఈ ఘటనలను పత్రికలు తరచుగా ఎలుగు గ్రామం మీద పడిందన్న ధోరణిలో రాస్తాయి. అందులో సగం నిజమే ఉంది. ఇద్దరికీ ఒకే తిండి, ఒకే వేళ, ఒకే చోటు అయినప్పుడు ఎవరు ఎవరి మీద పడ్డారో చెప్పడం అంత సులభం కాదు.

పగటి విశ్రాంతికి, కాన్పుకు ఎలుగుకు చల్లటి రాతి సొరంగాలు కావాలి. తెలంగాణ, రాయలసీమల్లో పెద్ద పెద్ద గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుట్టలు అందుకు అనువైనవి. అవే గుట్టలు గ్రానైటు గనులకూ అనువైనవి కావడంతో, కరీంనగర్ వంటి జిల్లాల్లో గుట్టలు తరిగిపోతున్న కొద్దీ నెలవు తప్పిన ఎలుగులు ఊళ్ల అంచులకు చేరుతున్నాయి. అటవీశాఖ పటంలో గుట్టకు అడవి అన్న గుర్తింపు లేకపోతే దాన్ని తవ్వడానికి అడ్డేమీ ఉండదు. అక్కడ ఎలుగు ఉన్నదన్న సంగతి అది ఎవరినైనా గాయపరచిన రోజున గాని ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కదు. అడవిపందుల కోసం పొలాల చుట్టూ పెట్టే ఉచ్చులు, కరెంటు తీగలు, ఒరలేని వ్యవసాయ బావులు కూడా ఎలుగులను బలిగొంటున్నాయి. రాత్రి నడకలో చూపు ఆనని జంతువుకు గట్టులేని బావి ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. ప్రపంచం మొత్తం మీద ఈ జాతి సంఖ్య ఇరవై వేలకు లోపేనని అంచనా. బంగ్లాదేశ్‌లో ఇప్పటికే అంతరించింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దీనిని చేర్చి, పులితో సమానమైన రక్షణ కల్పించారు.

ఎలుగుతో మనిషికి భయం ఒక్కటే కాక మరో రకం సంబంధం కూడా చాలాకాలం సాగింది. మూతికి రంధ్రం చేసి తాడు దూర్చిన ఎలుగును వీధివీధినా ఆడించే కలందర్లు ఉత్తరాదినే కాక దక్షిణాదినా తిరిగేవారు. తెలుగు పల్లెల్లో ఎలుగును తెచ్చినవారి చుట్టూ తల్లులు మూగి, దడుపు పోతుందని పిల్లలను దాని వీపు మీద ఎక్కించి, దాని వెంట్రుకను తాయెత్తులో పెట్టి మెడలో కట్టేవారు. ఆ దడుపు మందు కోసం ఎలుగు చెల్లించిన మూల్యం ఎవరికీ పట్టలేదు. పిల్లను పట్టడానికి తల్లిని చంపేవారు; పిల్లకు మత్తుమందు లేకుండా కాల్చిన సూదితో మూతి పొడిచేవారు; కోరపళ్లు పీకేవారు. చట్టం నిషేధించినా ఈ వృత్తి ఆగకపోవడానికి కలందర్లకు మరో బతుకుతెరువు లేకపోవడమే కారణమని గుర్తించిన వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ అనే సంస్థ, ఎలుగును అప్పగించిన కుటుంబాలకు చిన్న వ్యాపారాలకు పెట్టుబడి, పిల్లలకు చదువు ఏర్పాటు చేసి, ఆగ్రా, బన్నేరుఘట్ట తదితర చోట్ల పునరావాస కేంద్రాలు నడిపింది. 2009లో చివరి ఆటఎలుగును స్వాధీనం చేసుకోవడంతో కొన్ని వందల ఏళ్ల ఆ వృత్తి ముగిసింది. వన్యప్రాణి రక్షణలో చట్టం ఒక్కటే చేయలేని పనిని బతుకుతెరువు చూపడం చేయగలిగిందని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ భారతదేశంలో లేదనే అనాలి.

ఈ రోజుల్లో కొత్తగా కనిపిస్తున్నది ఎలుగును మేపే ఆసక్తి. ఛత్తీస్‌గఢ్‌లోని మహాసముంద్ జిల్లాలో బాగ్‌బాహరా సమీపాన ఉన్న చండీమాత గుడికి సాయంత్రం వేళ అడవి ఎలుగులు ప్రసాదం కోసం వస్తుంటాయి. భక్తులు చేతులతో తినిపిస్తుంటారు. కర్ణాటకలో హంపికి సమీపంలో, ఎలుగుల కోసమే 1994లో ఏర్పాటైన దరోజి అభయారణ్యంలో, బండల మీద బెల్లం కలిపిన పిండి పూసి, దాన్ని నాకడానికి వచ్చే ఎలుగులను దూరపు మంచె మీది నుంచి పర్యాటకులకు చూపించే ఏర్పాటు ప్రసిద్ధమైంది. రెండింటిలోనూ చూసేవారికి ఆనందం కలగవచ్చు. కాని మనిషి వాసనకూ తీపికీ ముడిపడిన జంతువు రేపు ప్రసాదం దొరకని పెరట్లోకి, నూనె డబ్బాలున్న దుకాణంలోకి దూరదని ఎవరూ హామీ ఇవ్వలేరు. భయం తగ్గిన ఎలుగు సాధుజంతువైపోదు. దానికి మనిషంటే వెనుకాడడం పోతుంది, అంతే.

తెలుగునాట ఈ తగవు అన్నిటికన్నా తీవ్రంగా ఉన్న ప్రాంతం శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో తీరం వెంట పరుచుకున్న ఈ నేల కొబ్బరి, జీడి, పనస, మామిడి తోటలకు పేరెన్నికగన్నది. పడమట మహేంద్రగిరి కొండల వరుస, తూర్పున సముద్రం, నడుమ ఎక్కడికక్కడ చిన్న మెట్టలు, తోటలు, వాటిని ఆనుకొని ఊళ్లు. బయటివారికి తోట, పొలం, ఊరు అని కనిపించేది ఎలుగు దృష్టిలో తిండి నిండిన ఎడతెగని పొదలే. జీడిలో అమ్ముడుపోయేది పిక్క. మార్చి నుంచి మే వరకు కోత సాగేటప్పుడు పిక్కను తీసుకొని, రసం నిండిన జీడిపండ్లను చెట్ల కిందే కుప్పలుగా వదిలేయడం ఉద్దానంలో మామూలు. ఆ కుప్పలు రెండు రోజుల్లో పులిసి, మైలు దూరానికి వాసన కొడతాయి. వాటి వెనుకనే పనస పండుతుంది. కొమ్మ మీద పండిన పనసను ఎలుగు కిందికి దొర్లించి, గోళ్లతో చీల్చి, తొనలు తిని పిక్కలు వదిలేస్తుంది. కొండల్లో తునికి, నేరేడు కోసం మైళ్లు తిరగవలసిన జంతువుకు ఒకే తోటలో మూడు నెలల తిండి దొరుకుతున్నప్పుడు అది తోటను వదలకపోవడంలో వింతేమీ లేదు. ఉద్దానం ఎలుగుల్లో చాలా వాటికి తోటే పుట్టినచోటు కూడా. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఈ తోటలను నేలమట్టం చేసింది. కూలిన చెట్ల మధ్య పెరిగిన తుప్పలు ఎలుగు దాక్కోవడానికి మరింత వీలుగా మారాయి.

ఇక్కడి ప్రమాదాల్లో రెండు రాష్ట్రమంతటా చర్చకు వచ్చాయి. 2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడిలో భార్యాభర్తలు మరణించగా, ఆ ఎలుగును గ్రామస్థులు కొట్టి చంపారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఒక రైతును చంపిన ఎలుగు మరునాడు మరో ఆరుగురిని గాయపరచింది. అటవీశాఖవారు మత్తుసూది ప్రయోగించి దాన్ని పట్టుకున్నా, విశాఖపట్నం జంతు ప్రదర్శనశాలకు తరలిస్తుండగా అది చనిపోయింది. రెండూ జూన్‌లోనే జరిగాయన్నది గమనించదగిన సంగతి: జీడికోత ముగిసి, పనస పండే రోజులవి, ఎలుగులు జతకట్టే కాలం కూడా అదే. ఎలుగు కనబడిందన్న వార్త పాకగానే వందల మంది కర్రలతో, సెల్‌ఫోన్లతో చుట్టుముట్టడం ఇలాంటి చోట్ల రివాజు. దారి మూసుకుపోయిన ఎలుగు, ముందే చెప్పినట్టు, పారిపోయే జాతి కాదు. ఒకరిని గాయపరచిన ఎలుగు గంటలోపల నలుగురైదుగురిని గాయపరచడానికి దాని క్రూరత్వం కన్నా ఈ గుంపే పెద్ద కారణం.

ఉద్దానంలోనైనా నల్లమలలోనైనా ప్రాణాలు కాపాడే పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఎలుగుకు మనిషి రాక దూరం నుంచే తెలిసేలా చేయడం అన్నిటికన్నా ముఖ్యమైనది. గుంపుగా వెళ్లడం, పెద్దగా మాట్లాడుకుంటూ నడవడం, నేలను కర్రతో తట్టుకుంటూ పోవడం వల్ల పుట్టలో మూతి పెట్టిన ఎలుగు కూడా తలెత్తి తప్పుకునే వ్యవధి దొరుకుతుంది. గుజరాత్‌లో ఈ ఆలోచనతోనే గంట అమర్చిన చేతికర్రను తయారుచేసి అడవికి వెళ్లేవారికి ఇచ్చారు. పొదలు దట్టంగా ఉన్నచోటికి, తాజాగా తవ్విన పుట్టల దగ్గరికి, రాతి సొరంగాల మొగలోకి తెల్లవారుజామున గాని చీకటి పడ్డాక గాని ఒంటరిగా వెళ్లకూడదు. దూరంలో ఎలుగు కనబడితే పరుగెత్తకుండా, దాని దారి వదిలి, మెల్లగా వెనక్కి నడవాలి; గంటకు ముప్పై కిలోమీటర్లకు పైగా పరుగెత్తగల జంతువుతో పరుగుపందెం కుదరదు. మీదపడినప్పుడు తప్పించుకునే వీలులేకపోతే బోర్లా పడుకొని, మెడ వెనుక రెండు చేతులూ అల్లుకొని, ముఖాన్ని నేలకు ఆనించి కదలకుండా ఉండడం వల్ల కళ్లూ దవడా గొంతూ దక్కుతాయి. ఇళ్లలో మరుగుదొడ్డి ఉండి వాడుకలో ఉన్న ఊళ్లలో వేకువజామున పొదల వైపు వెళ్లే అవసరమే ఉండదు. జీడి తోటల్లో రాలిన పండ్లను ఏ రోజువి ఆ రోజు గోతిలో కప్పెట్టడమో పశువుల మేతకు మళ్లించడమో చేయాలి. ఊరికి ఆనుకొని ఉన్న తోటల్లో పనసను చెట్టు మీద పండనివ్వకుండా కాయగా ఉన్నప్పుడే దించాలి. తోట అంచున తుప్ప నరికించి, ఇళ్లకూ పొదలకూ మధ్య చూపు ఆనేంత ఖాళీ ఉంచాలి. ఎలుగు ఊళ్లోకి వచ్చిన రోజున చేయవలసింది మాత్రం జనాన్ని ఇళ్లలోకి పంపి, కొండ వైపు దారి తెరిచి ఉంచి, చీకటి పడేదాకా ఆగడం. చాలాసార్లు మత్తుసూది అవసరం లేకుండానే అది వచ్చిన దారినే తిరిగిపోతుంది.